కార్లు లేని దీవికి కారు డ్రైవరు

చక్రాల పెట్టె కనిపెట్టినవాడెవరో నాకు తెలియదు గానీ, ఆ మహానుభావుడు జీవితంలో ఒక్కసారి కూడా మెట్లు చూసి ఉండడు. పెట్టెకు నాలుగు చక్రాలుంటాయి. మూడు మనం వెళ్ళే వైపు తిరుగుతాయి, నాలుగోది తన సొంత అభిప్రాయం వెలిబుచ్చుతుంది. కొన్న వారం వేలితో తోస్తే కదులుతుంది, ఆర్నెల్లకు కాలితో తన్నినా కదలదు. మొన్న ఇక్కడ కువైట్‌లో, ఫర్వానియాలో కొత్తది కొందామని వెళితే దుకాణంవాడు "సార్, ఇది మూడు వందల అరవై డిగ్రీలూ తిరుగుతుంది" అన్నాడు. తిరగడం సరే, ఎక్కుతుందా అని అడిగాను. వాడు నన్ను జాలిగా చూసి ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

ఈ కోపం ఇవాళ్టిది కాదు. ఆ రోజుల్లో నాకు తెలివి కాస్త ఎక్కువగా ఉండేది. ఇప్పుడు తగ్గింది, తగ్గాక హాయిగా ఉంది. కడపలో బీకాం పాసయ్యాను, సెకండ్ క్లాసులో, అదీ మొదటి ప్రయత్నంలోనే (ఈ రెండో ముక్క చెప్పకపోతే మొదటిదానికి విలువ లేదు). ఆ పట్టా చేత్తో పట్టుకుని కువైట్‌లో దిగి, మిష్రిఫ్‌లో ఒక ఇంటి డ్రైవరునయ్యాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'ట్రాన్స్‌పోర్టు వ్యవహారాలు చూసుకుంటాను' అనేవాణ్ణి. అబద్ధమేమీ కాదు. ఆ ఇంట్లో మూడు కార్లుండేవి, మూడింటినీ చూసుకునేవాణ్ణి. తుడిచేటప్పుడైతే మరీ దగ్గరగా చూసుకునేవాణ్ణి. మిష్రిఫ్‌లో నడక అంటే డాక్టరు రాసిస్తే తప్ప చేయని పని. మా ఇంటికి జమియా, అంటే కిరాణా సరుకులమ్మే సహకార దుకాణం, ఆరిళ్ళ అవతల ఉండేది. అక్కడికి పెరుగు కోసం వెళ్ళాలంటే ముందు కారు స్టార్టు చేసి పది నిమిషాలు ఏసీ వేసి చల్లబరచాలి. ఆ పది నిమిషాల్లో నడిచి వెళ్ళి పెరుగు కొని, అక్కడే నిలబడి తినేసి, డబ్బా పారేసి రావచ్చు. కానీ అలా చేస్తే డ్రైవరెందుకు? ఆ ప్రశ్న ఎవరికీ రాకూడదనే నేను కారు మరింత శ్రద్ధగా చల్లబరిచేవాణ్ణి.

పిల్లల్ని పక్కన పెడితే, ఇంట్లో నాతో పని పడేవాళ్ళు నలుగురు. మొదటివాడు మా కఫీల్, నాకు వీసా ఇచ్చిన యజమాని. మేం బాబా అనేవాళ్ళం. కారెక్కితే 'యల్లా' (పద), దిగితే 'ఖలాస్' (అయిపోయింది), రెండేళ్ళలో నాతో ఆయన సంభాషణంతా ఈ రెండు మాటల మధ్యనే జరిగింది. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. రెండో వ్యక్తి ఆయన భార్య, మామా. ఆవిడ మాతో మాట్లాడే భాషలో సగం అరబ్బీ, పావు ఇంగ్లీషు, మిగతా పావు చేతులు. మూడో వ్యక్తి బాబా తల్లి, మేం పెద్ద మామా అనుకునేవాళ్ళం. మోకాళ్ళు అరిగిపోయి చక్రాల కుర్చీలో ఉండేది. ఆదివారం, బుధవారం ఆవిణ్ణి ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది నేనే. వెనక సీట్లో కుడివైపు కూర్చుని దారంతా నా డ్రైవింగును తిట్టేది. నాలుగో వ్యక్తి రాయచోటి అక్క. ఆ ఇంట్లో పదిహేనేళ్ళుగా పనిచేస్తూ ఆ ఇంటిని, నాకు తెలిసి ఆ వీధిని కూడా, నడిపిస్తుండేది.

ఎండాకాలం వస్తే ఆ కుటుంబం ఏదో చల్లటి దేశానికి నెల రోజులు వెళ్ళిపోయేది. పెద్ద మామా వెళితే ఆవిణ్ణి చూసుకోవడానికి అక్కా వెళ్ళేది. నేను మిగిలేవాణ్ణి. అప్పుడు నా ఉద్యోగం ఏమిటంటే, బ్యాటరీలు చచ్చిపోకుండా మూడు కార్లనూ రోజు మార్చి రోజు స్టార్టు చేసి, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చుని, మళ్ళీ ఆపేయడం. బయట యాభై డిగ్రీలు. గేటు పక్కన నా గది. ఆ గది ఏసీ వేసవి వస్తే తానూ సెలవు తీసుకునేది. అలా ఒక వేసవి గడిపాను. రెండోసారి గడపకూడదని, అవసరమైతే మనిషిననే మాట కొంచెం పక్కన పెట్టయినా సరే తప్పించుకోవాలని నిశ్చయించుకున్నాను.

అలాంటి సమయంలో ఒకరోజు మామా నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. ఫోన్లో ఒక తెల్లటి గోడ, దాని వెనక నీలం సముద్రం చూసి గ్రీసులో ఏదో దీవిమీద ఇల్లు మాట్లాడేసింది (గోడను చూసి ఇల్లు, సముద్రాన్ని చూసి దేశం ఎంచుకునే మనుషులు ఉన్నంతకాలం భూమ్మీద టూరిజానికి లోటు లేదు). ఆ దీవికి ఎలా చేరాలి, అక్కడ ఎలా తిరగాలి అని ఏదో వెబ్‌సైటులో ఉన్నదంతా ఎనిమిది పేజీలు ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది.

"నీకు ఇంగ్లీషు వచ్చు. చదివి చెప్పు. అక్కడ కారు పని ఉంటే నువ్వూ వస్తావు. లేకపోతే ఇక్కడ కార్లు చూసుకుంటావు."

గదిలో కూర్చుని చదివాను. అలాంటి రాతలు మీరూ చదివే ఉంటారు. 'సందర్శకులకు విస్తారమైన రవాణా సౌకర్యాలు కలవు' అని మొదలైంది. ఏథెన్స్ దాకా విమానం. అక్కణ్ణుంచి రేవుకు రైలు, బస్సు, టాక్సీ. రేవు నుంచి పెద్ద ఫెర్రీ, చిన్న ఫెర్రీ. చిన్నది తొందరగా పోతుందట, పెద్దదానిలో తిండి దొరుకుతుందట. కోరినచో హెలికాప్టరు. అక్కడిదాకా బాగానే ఉంది. ఎనిమిదో పేజీలో దీవిలోకి దిగాక చూద్దును గదా, ఒకటి, పడవ టాక్సీ. రెండు, గాడిద. మూడు, మెట్ల మీద నడక. మనిషి కాళ్ళను కూడా సందర్శకులకు కల్పించిన సౌకర్యం కింద లెక్కవేసినవాణ్ణి నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆ పేజీ చివర, ఒక గడిలో, నల్లటి అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ఈ దీవిలో మోటారు వాహనాలకు అనుమతి లేదు.

ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. బీకాం చదివినవాణ్ణి కాబట్టి నాలుగుసార్లూ ఒకే అర్థం వచ్చింది. కాసేపు నా గది ఏసీ వైపు చూశాను. అది నీళ్ళు కారుస్తోంది. ఎనిమిదో పేజీ చించి నాలుగు మడతలు పెట్టి, ఎవరి కంటా పడని చోటేదని ఆలోచించి, పెద్ద కారులో వెనక సీటు ముందు, కుడివైపు మ్యాటు కింద పెట్టాను. అక్కడ ఎప్పుడూ పెద్ద మామా కాళ్ళుంటాయి. ఆవిడ కాళ్ళెత్తమనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మిగిలిన ఏడు పేజీలతో లోపలికి వెళ్ళి, "మామా, అక్కడ చాలా ట్రాన్స్‌పోర్టు ఉంది. కానీ దారులు మహా ఇరుకు. అనుభవం లేనివాళ్ళ వల్ల కాదు" అన్నాను. ఇందులో ఏ ఒక్క మాటా అబద్ధం కాదని మీరు గమనించాలి. నేను అప్పుడు గమనించుకుని చాలా సంతోషించాను.

మామా వెళ్ళిపోయాక రాయచోటి అక్క ఉల్లిపాయలు కోయడం ఆపకుండానే అడిగింది.

"ఏమబ్బయ్యా, నీ గదికి పోయినప్పుడు ఎనిమిది కాయితాలు, తిరిగొచ్చినప్పుడు ఏడు. ఇంకోటి తినేస్తివా?"

"నీకు చదవడం రాదు కదక్కా, లెక్క నీకెందుకు?"

"సదవడం రాదురా, ఎంచడం వచ్చు. ఏముండాది దాంట్లో?"

చెప్పాను. చెప్పకపోతే ఆ రాత్రి కూడు ఉండదు. అక్క కత్తి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది (ఉల్లిపాయల వల్ల).

"అయితే కార్లే లేని ఊరికి కారు తోలను పోతాండావు. సదువుకున్నోళ్ళ తెలివే తెలివి. సరే, పా. నువ్వు రాకుంటే ఆ పెట్టెలన్నీ నేనే మొయ్యాల. అందుకని గమ్మునుంటా."

అలా నా రహస్యానికి ఒక కాపలా దొరికింది. ఇక నేను ఆగలేదు. ఇంటర్నేషనల్ లైసెన్సు తీసుకున్నాను. వీసా ఆఫీసులో పది వేళ్ళూ అద్దంమీద పెట్టాను. ఎందుకు వెళ్తున్నావని అడిగితే, 'డ్రైవర్' అని ఛాతీ విరిచి చెప్పాను. శుక్రవారం అర్దియాలోని గ్యారేజీకి వెళ్ళి, అక్కడ మెకానిక్కుగా ఉన్న జగిత్యాల మనిషికి (మేమంతా పానా అన్న అని పిలిచేవాళ్ళం, చేతిలో పానా లేకుండా ఆయన అన్నం కూడా తినడు) ఐరోపా రోడ్లమీద ఒక ఉపన్యాసం ఇచ్చాను.

"గాడ బండ్లు ఏ దిక్కు నడుస్తయి తమ్మీ? మనలెక్కనా, గీడి లెక్కనా?"

"ఇక్కడిలాగేనన్నా, కుడివైపు. కాకపోతే మలుపులు ఎక్కువ. చెయ్యి తిరిగినవాడు కావాలి."

"మంచిగ నడుపు. గ్రీకోల్ల బండి పక్కన నిలవడి ఒక్క ఫోటో పంపు. మాకు గంత సాలు."

పంపుతానని మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు నా మొహంలో ఏ మార్పూ రాలేదని ఇప్పటికీ నాకు గర్వం.

సామాను కట్టడం మొదలైంది. పద్నాలుగు పెట్టెలు, అన్నీ చక్రాలవే. ఒక దాన్నిండా బియ్యం, ఒక దాన్నిండా మసాలాలు, ఒకటి పూర్తిగా పిల్లల చెప్పులకు. పెద్ద మామా కూడా అంత పనిలోనూ ఒక పేచీ పెట్టింది. తన గదిలో ఉన్న మందపాటి ఎర్ర మెత్త, పరుపులో సగం ఉండేది, కట్టి తీరాలంది. విమానంలో మెత్తలిస్తారని మామా చెప్పింది, ఆ ఇంట్లో సోఫాలున్నాయని ఫోటో చూపించింది. పెద్ద మామా వినలేదు. "అది లేకపోతే నేను రాను." అందరం విసుక్కున్నాం. నేనే దాన్ని పదిహేనో శాల్తీగా తాళ్ళేసి బిగించాను. ముసలితనం మనిషిని ఎలా చేస్తుందో చూడండి అని అక్కతో అన్నాను కూడా.

విమానం, టాక్సీ, రేవు, ఫెర్రీ, ఆ ఏడు పేజీల్లో రాసినట్టే అన్నీ సక్రమంగా జరిగాయి. ఏడు పేజీల మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. ఫెర్రీ దీవిని సమీపిస్తుంటే కొండమీదికి మెట్లుమెట్లుగా తెల్లటి ఇళ్ళు కనిపించాయి. మెట్లుమెట్లుగా అని మాట వరసకు అనడం లేదు, ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్నవి మెట్లే. మేం తీసుకున్న ఇల్లు అన్నింటికన్నా పైన ఉందని మామా పిల్లలకు సంబరంగా చూపిస్తోంది. దిగాం. గట్టుమీద పద్నాలుగు పెట్టెలు, ఒక మెత్త, ఒక చక్రాల కుర్చీ పేర్చాను. ఎదురుగా టాక్సీ స్టాండు ఉండాల్సిన చోట గాడిదలు వరసగా నిలబడి ఉన్నాయి, తోకలతో ఈగలు తోలుకుంటూ, మమ్మల్ని ఏమాత్రం లెక్కచేయకుండా.

"సయ్యారా ఎక్కడ?" అంది మామా. కారెక్కడ అని.

"మామా, ఇక్కడ కార్లు ఆపేసినట్టున్నారు. గవర్నమెంటు ఆర్డరు. ఈమధ్యనే వచ్చినట్టుంది."

గాడిదల పక్కన తెల్లమీసాల ముసలాయనొకడు మాకేదో సాయం చేద్దామనుకున్నాడు. "నో కార్. నెవర్ కార్. మై గ్రాండ్‌ఫాదర్, నో కార్" అన్నాడు. లోకంలో అడగని సాయం చేసేవాళ్ళంతా అవతలివాడి మెడకు చుట్టుకునేలానే ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు.

మామా నా వైపు తిరిగింది. "నువ్వు చదివావు కదా?"

"చదివాను మామా."

"ఏం చదివావు?"

బీకాం అనబోయి ఆగాను.

"కువైట్ చేరగానే నీకు టికెట్ కొంటాను, మీ ఊరికి. ఖలాస్." ఇక అక్కడితో నా ఉద్యోగం, ఇఖామా (ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు), రెండేళ్ళుగా నేను చూసుకుంటున్న ట్రాన్స్‌పోర్టు వ్యవహారాలు, అన్నీ ఆ గట్టుమీద ముగిసిపోయాయి. అక్క సముద్రం వైపు చూస్తోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని వెనక నుంచి కూడా తెలుస్తోంది.

అప్పుడు చక్రాల కుర్చీలోంచి పెద్ద మామా గొంతు వినిపించింది. "ఆ మెత్త విప్పండి."

ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారి అరిచింది. విప్పాను. గాడిద వీపు మీద వెయ్యమంది. వేశాను. పక్కనే ఎక్కడానికి వీలుగా ఒక రాతి అరుగుంది. అక్క, తెల్లమీసాలాయన, బాబా కలిసి ఆవిణ్ణి ఎత్తి కూర్చోబెట్టారు. ఎర్రమెత్త మీద, ఒకవైపుకు కాళ్ళు వేసి, నల్లటి అబాయా సర్దుకుని, ఆ గాడిద తన పుట్టింటివాళ్ళిచ్చినట్టు కూర్చుంది. "మా చిన్నప్పుడు మా ఇంటికి నీళ్ళు గాడిద మీదే వచ్చేవి" అంది కొడుకుతో. "దానికి నేనెవరో తెలుసు. నీ మూడు కార్లకీ నేనెవరో తెలియదు." బాబా నవ్వాడు. నోరు తెరిచి, పళ్ళు కనిపించేలా నవ్వాడు. ఆయనకు ముందు పళ్ళ మధ్య సందుందని రెండేళ్ళ తర్వాత నాకు ఆ రోజే తెలిసింది. పెద్ద మామా నా వైపు చూసి తాడు చూపించింది. "డ్రైవర్! యల్లా." కోడలు ఏదో అనబోతే, "డ్రైవరు లేకుండా నేనెలా తిరగాలి? ఇతను నా బండి పట్టుకుంటాడు" అంది. దాంతో టికెట్ మాట ఆ పూటకు ఆగింది, తర్వాత మళ్ళీ రాలేదు.

ఆ నెల రోజుల నా డ్రైవింగు గురించి ఎక్కువ రాయను. గాడిదకు గేర్లుండవు, బ్రేకు మాత్రం ఎప్పుడూ పడే ఉంటుంది. హారనుంది, కానీ అది దాని ఇష్టం. మొదటిరోజు అది మెట్లమధ్య ఆగిపోతే నేను వెనక్కి వెళ్ళి తోశాను. కింద నుంచి అక్క అరిచింది. "ఒరేయ్, వెనకాల నిలబడొద్దురా, తంతాది! తోసేదానికి అదేమన్నా బ్యాటరీ అయిపోయిన కారనుకుంటివా? మొగదాడి పట్టుకోని ముందర నడువు, అదే వస్తాది." ముందు నడిచాను. వచ్చింది. కామర్స్ చదువులో ఈ విషయం ఎక్కడా చెప్పలేదు. పెద్ద మామాను పొద్దున కిందికి, సాయంత్రం పైకి. మధ్యలో నీళ్ళు, కూరగాయలు, పిల్లల చెప్పులు. ఆ పద్నాలుగు పెట్టెలు మాత్రం గాడిద యజమాని కొన్నే ఒప్పుకున్నాడు, మిగతావి 'మరీ బరువు, జంతువుకు మంచిది కాదు' అన్నాడు. జంతువుకు మంచిది కానివన్నీ నేను మోశాను, చక్రాలు గాల్లో తిరుగుతుండగా. ఇంటర్నేషనల్ లైసెన్సు నెల రోజులూ చొక్కా జేబులో చెమటకు నానింది. పానా అన్నకు ఇచ్చిన మాట తప్పకూడదని, బండి పక్కన నిలబడి అక్క చేత ఫోటో తీయించుకుని పంపాను. అర నిమిషంలో జవాబొచ్చింది. "ఇది ఏ మోడల్ తమ్మీ? అచ్చినంక సర్వీసింగుకు మన గ్యారేజీకి తోల్కరా."

ఇప్పుడు నేను ఫర్వానియాలో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఎక్కడికి ఎలా వెళ్ళాలి, వెళ్ళాక ఎలా తిరగాలి అని వచ్చినవాళ్ళకు చెప్పడమే నా పని. ఏ కాగితమైనా చివరి పేజీ నుంచి చదువుతాను. చదివింది మొదటే చెప్పేస్తాను. దానివల్ల మా ఆఫీసుకు గిరాకీ కాస్త తక్కువ. అప్పుడప్పుడు గాజు తలుపులో నా నీడ కనబడితే, గట్టుమీద పద్నాలుగు పెట్టెల మధ్య నిలబడి గవర్నమెంటు ఆర్డరు సృష్టించిన ఆ సెకండ్ క్లాసు కుర్రాడు గుర్తొస్తాడు. వాడికి నాకన్నా జుట్టెక్కువ, భయం తక్కువ. వాణ్ణి తిడదామని కూర్చుంటాను, తీరా నవ్వొస్తుంది. తానొక్కడే తెలివైనవాడనుకున్నాడు పాపం.

ఎందుకంటే, దీవి నుంచి తిరిగొచ్చిన తర్వాతి ఆదివారం పెద్ద మామాను ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను. సల్వా సిగ్నల్ దగ్గర ఆగాం. వెనక నుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. అందులో నాలుగు మడతల కాగితం ఉంది. మడతలు నావే. ప్రయాణానికి నెల ముందే మ్యాటు కింద ఏదో కాలికి తగిలిందట. మనవరాలి చేత తీయించి, చదివించి, ఆ పిల్లకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టి నోరు మూయించిందట. అంటే, ఎర్రమెత్త కోసం పేచీ పెట్టిన రోజుకు ఆవిడకంతా తెలుసు.

"మరి మామాకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. నా మీద జాలి వల్లేనని ఆవిడ నోట వినాలని, నిజం చెప్పాలంటే, కొంచెం ఆశపడ్డాను కూడా.

పెద్ద మామా కాళ్ళు మ్యాటు మీద సర్దుకుంది.

"చెబితే, మెట్లున్నాయని నన్ను కూడా నీతోపాటు ఇక్కడే వదిలేసి పోయేవాళ్ళు. నెల రోజులు నీ మొహం చూస్తూ ఎవడు కూర్చుంటాడు? పచ్చ లైటు పడింది, పోనీ."